పోస్టులు పెరిగాయి, మరి నర్సమ్మ ఎందుకు దొరకట్లేదు? శ్రీకాకుళం, విజయనగరం పల్లెల లెక్క

క్లుప్తంగా

ఉత్తరాంధ్ర పల్లెల్లో 2019 తర్వాత నర్సింగ్ పోస్టులు తగ్గలేదు, పెరిగాయి. అయినా మంచాన పడ్డ మనిషికి పుండు కడిగి కట్టు కట్టడానికి ఇంటికొచ్చే నర్సు కావాలంటే చాలా ఊళ్లలో దొరకదు. దీనికి ఖాళీలు ఒక కారణం మాత్రమే. పోస్టుల్ని జనాభాని బట్టి ఇస్తారు, దూరాన్ని బట్టి ఇవ్వరు. పని జాబితా గర్భిణులు, టీకాల చుట్టూ అల్లి ఉంది, ఊళ్లో రోగాలేమో బీపీ, షుగర్, కిడ్నీ వైపు మళ్లాయి. ఉన్న మనిషి రోజులో సగం రిజిస్టర్లు, యాప్‌లు, మీటింగులకి పోతుంది. పోస్టు ఉండటానికీ నర్సు దొరకడానికీ మధ్య ఇంత దూరం ఎలా వచ్చిందో ఈ వ్యాసంలో చూద్దాం.

నర్సమ్మ అంటే ఎవరు

ఊళ్లో జనం అందర్నీ కలిపి నర్సమ్మ అనో సిస్టరమ్మ అనో పిలిచేస్తారు, కానీ ఆఫీసు లెక్కలో వీళ్లు వేరు వేరు చదువులు, వేరు వేరు ఆర్డర్లు, కొన్నిసార్లు వేరు వేరు శాఖల మనుషులు, అసలు గందరగోళం ఇక్కడే మొదలవుతుంది.

పాత సబ్ సెంటర్ (పీహెచ్‌సీ కింద ఊళ్లలో ఉండే చిన్న ఆరోగ్య కేంద్రం) ఏఎన్ఎం, అంటే ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్, ఉంటారు, రికార్డుల్లో ఆమె పేరు ఎంపీహెచ్ఏ ఫిమేల్, చదువు రెండేళ్ల కోర్సు. 2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు ప్రతి సచివాలయానికీ ఒక గ్రేడ్ త్రీ ఏఎన్ఎంని తీసుకున్నారు, ఈమె చదువూ అదే, కానీ కూర్చునేది సచివాలయం లెక్కలో. విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) ఉంటారు, ఇప్పుడు ఎక్కువగా సీహెచ్ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) అంటున్నారు, ఈవిడ (కొన్నిచోట్ల ఈయన) నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ చదివి కాంట్రాక్టు మీద వచ్చినవాళ్లు. ఆశా కార్యకర్త నర్సు కాదు, ఊరి కోడలో ఊరి ఆడపడుచో అయ్యుంటుంది, సుమారు వెయ్యి మందికి ఒకరు, ఇంటికీ ఆస్పత్రికీ మధ్య మనిషి. వీళ్లందరి పైన సూపర్‌వైజర్లు, పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, స్టాఫ్ నర్సులు. స్టాఫ్ నర్సు మాత్రం పీహెచ్‌సీ గోడలు దాటి ఊళ్లోకి రావాల్సిన పని లేదు, ఆమె డ్యూటీ వార్డు, కాన్పు గది.

అంటే ఒక ఊరికి కాగితం మీద ముగ్గురు నలుగురు కనిపిస్తారు. ఇందులో గాయానికి కట్టు మార్చడం, యూరిన్ పైపు చూడటం, ఇన్సులిన్ ఎలా వేసుకోవాలో నేర్పడం లాంటి నర్సింగ్ పని ఇంటికెళ్లి చెయ్యాల్సింది ఎవరు అని అడిగితే జవాబు సూటిగా రాదు. ఏఎన్ఎం అది సీహెచ్ఓ పని అంటారు, సీహెచ్ఓ క్లినిక్ వదిలి రాలేనంటారు, ఆశాకి ఆ ట్రైనింగే లేదు. ఎవరి మాటా అబద్ధం కాదు.

ఈ ఏర్పాటు ఎలా తయారైంది

1946లో భోర్ కమిటీ రిపోర్టు పల్లెకి దగ్గర్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని చెప్పింది. ఆ తర్వాత వచ్చిన ఏఎన్ఎం అసలు పని మంత్రసానితనం, పేరులోనే మిడ్‌వైఫ్ ఉంది. 1973లో కర్తార్ సింగ్ కమిటీ మలేరియాకి ఒకడు, మశూచికి ఒకడు, కుటుంబ నియంత్రణకి ఒకరు అని విడివిడిగా తిరిగే బదులు ఒక ఆడ ఉద్యోగి, ఒక మగ ఉద్యోగి కలిసి అన్ని పనులూ చెయ్యాలని చెప్పింది. మల్టీపర్పస్ అన్న మాట అప్పట్నుంచి వచ్చిందే.

ఇక్కడ ఒక చిన్న డబ్బు లెక్క చాలా పెద్ద ప్రభావం చూపించింది. ఏఎన్ఎం జీతాలకి కేంద్రం కుటుంబ సంక్షేమ నిధుల నుంచి సాయం ఇచ్చింది, మగ హెల్త్ వర్కర్ జీతం రాష్ట్రాల నెత్తిన పడింది. రాష్ట్రాలు ఏం చేస్తాయి, కేంద్రం డబ్బులిచ్చే పోస్టు నింపుకున్నాయి, రెండోదాన్ని చాలాచోట్ల ఏళ్ల తరబడి ఖాళీగా వదిలేశాయి. ఇద్దరి పని ఒకరి మీద పడింది. కుటుంబ సంక్షేమం డబ్బు కాబట్టి పని కూడా అటే ఒరిగింది, 1996లో టార్గెట్లు ఎత్తేసేదాకా ఏఎన్ఎం పనితనాన్ని కొలిచింది ఎన్ని ఆపరేషన్లకి జనాన్ని తీసుకొచ్చారనే దాన్నిబట్టే. పాతకాలం వాళ్లకి ఏఎన్ఎం అంటే ఇప్పటికీ ఆపరేషన్ కేసులకి తిరిగే ఆవిడగానే గుర్తుండటం వింతేం కాదు.

2005 ఏప్రిల్‌లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది, దాంతో ఆశాలు, కాంట్రాక్టు మీద సెకండ్ ఏఎన్ఎంలు వచ్చారు, కాన్పు ఇంట్లో కాదు ఆస్పత్రిలో అన్న ఉద్యమం ఊపందుకుంది. అది నిజంగానే పని చేసింది, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96 శాతానికి పైగా కాన్పులు ఆస్పత్రుల్లోనే. ఇది మంచి మార్పే, కానీ దీంతో సబ్ సెంటర్ ఏఎన్ఎం చేతిలోంచి కాన్పు పోయింది. మంత్రసాని పనికి తయారైన ఉద్యోగం నెమ్మదిగా లెక్కలు రాసి పంపే ఉద్యోగం అయ్యింది.

2018 కేంద్ర బడ్జెట్‌లో సబ్ సెంటర్లని హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మారుస్తామన్నారు, దేశమంతా లక్షన్నర, 2023 చివర్లో వాటికే ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని పేరు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే విలేజ్ క్లినిక్ రూపంలో వచ్చింది, 10,032 క్లినిక్‌లు, సుమారు 2,500 మందికి ఒకటి అన్నది ప్లాను. ఆ తర్వాత ఫ్యామిలీ డాక్టర్ విధానం పెట్టారు, పైలట్‌గా 2022 అక్టోబర్‌లో, పూర్తిస్థాయిలో 2023 ఏప్రిల్‌లో. పీహెచ్‌సీ డాక్టరు 104 బండితో వంతులవారీగా ఊరికి వచ్చి పొద్దున ఓపీ చూసి మధ్యాహ్నం మంచాన ఉన్నవాళ్ల ఇళ్లకి వెళ్లాలి. పేర్లు మారాయి, ప్రభుత్వం మారింది, బోర్డుల రంగు మారింది, కింద పనిచేసే మనుషులు మాత్రం ఇంచుమించు వాళ్లే.

2,500 మంది ఉన్న ఊరి లెక్క

జాతీయ ప్రమాణం ప్రకారం మైదానంలో 5,000 మందికి, కొండ ప్రాంతంలో 3,000 మందికి ఒక సబ్ సెంటర్. ఆ లెక్కన చూస్తే 2,500కి ఒక క్లినిక్, దాదాపు 2,000కి ఒక సచివాలయం ఏఎన్ఎం అంటే ఆంధ్రప్రదేశ్ బాగా ముందున్నట్టే. మరి ఎక్కడ చాలట్లేదు? ఒక 2,500 మంది ఊరిని ఊహించుకుని పని ఎంతుంటుందో చూద్దాం, రాష్ట్ర సగటులు పెట్టి వేసిన అంచనా ఇది.

రాష్ట్రంలో వెయ్యి మందికి ఏడాదికి సుమారు 16 జననాలు, అంటే ఈ ఊళ్లో 40 కాన్పులు. ఒక్కో గర్భిణికి కాన్పుకి ముందు కనీసం నాలుగు చెకప్‌లు, తర్వాత మూడు వేసుకుంటే 280. పిల్లల టీకాలకి ఒక్కొక్కరికీ ఏడు సార్లు అనుకున్నా ఇంకో 280. మొత్తం ఏడాదికి 560 సార్లు కలవాలి.

ఇప్పుడు రెండో వైపు. పెద్దవాళ్లలో బీపీ ఎక్కువున్నవాళ్లు లేదా బీపీ బిళ్లలు వాడుతున్నవాళ్లు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పాతిక శాతం చుట్టూ. ఊళ్లో ముప్పై దాటినవాళ్లు సుమారు 1,250 మంది అనుకుంటే, బీపీ వాళ్లు 300 పైమాటే. నెలకోసారి బీపీ చూసి మందులివ్వాలంటే ఏడాదికి 3,600 సార్లు. షుగర్ ఇంకా కలపలేదు. అంటే ఉద్యోగం ఏ పని కోసం తయారైందో దానికి ఆరు రెట్ల పైన ఇంకో పని పక్కనొచ్చి కూర్చుంది.

అయితే ఈ 3,600 అంత భయపడాల్సిన అంకె కాదు. ఏడాదిలో 290 రోజులు క్లినిక్ తెరిచి ఉంటే రోజుకి 12 మంది, ఒక్కొక్కరికి పది నిమిషాలు, రెండు గంటల పని. జనం నడిచి క్లినిక్‌కి వస్తే ఒక సీహెచ్ఓ హాయిగా చెయ్యగలరు. చిక్కల్లా నడిచి రాలేనివాళ్లతోనే. రాష్ట్రంలో అరవై దాటినవాళ్లు రమారమి 12 శాతం, మన ఊళ్లో 300 మంది. వాళ్లలో పక్షవాతం వచ్చో తుంటి ఎముక విరిగో కాన్సర్‌తోనో పది మంది మంచాన ఉన్నారనుకుందాం, ఒక్కొక్కరికి వారానికి ఒక్కసారి వెళ్లి పుండ్లు చూసి, కట్టు మార్చి, ఇంట్లోవాళ్లకి పక్క ఎలా తిప్పాలో చూపించడానికి రానూ పోనూ కలిపి గంట. వారానికి పది గంటలు, అంటే ఒక మనిషి పనివారంలో పావు వంతు. ఈ పావు వంతు ఎవరి డ్యూటీ చార్టులోనూ విడిగా రాసి లేదు, అందుకే ముందుగా జారిపోయేది అదే.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇది ఇంకొంచెం బరువు. ఇక్కడ్నుంచి వయసులో ఉన్నవాళ్లు విశాఖ, హైదరాబాద్, చెన్నైలకి కూలి పనులకి, తీరం ఊళ్ల మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్తారు. రేషన్ కార్డులో ఆరుగురు, ఇంట్లో ఇద్దరు ముసలాళ్లు. లెక్కలో జనాభా ఉంటుంది కానీ ముసలాయనకి పక్క తిప్పే కొడుకు ఊళ్లో ఉండడు, కుటుంబం చెయ్యాల్సిన నర్సింగ్ కూడా నర్సు మీదకే వస్తుంది.

రోజు ఎక్కడికి పోతోంది

ఏఎన్ఎం వారం చూస్తే బుధవారం, శనివారం టీకాలు, అవి కదపడానికి లేదు. నెలకోసారి 9వ తారీఖు గర్భిణుల స్పెషల్ చెకప్. పీహెచ్‌సీలో మీటింగు, 104 బండి వచ్చే రోజు. మధ్యలో జ్వరాల సర్వే, ఎన్‌సీడీ (బీపీ, షుగర్ లాంటి అంటుకోని జబ్బుల) సర్వే, ఆభా ఐడీలు (ఒక్కొక్కరికీ ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబర్లు), రక్తహీనత లిస్టు, నులిపురుగుల మాత్రల రోజు. ఒక్కో ప్రోగ్రాంకి ఒక్కో యాప్, చాలాసార్లు అదే మనిషి పేరు, అదే ఆధార్ నంబరు మూడు చోట్ల కొట్టాలి, పైగా చేతిరాత రిజిస్టరు కూడా ఉంచాలి, ఆన్‌లైన్‌లో పోతే ఎలా అని.

యాప్ వల్ల లాభం లేదని కాదు, గర్భిణి పుట్టింటికి వెళ్లినప్పుడు, పేరు నమోదైనప్పుడు ఇచ్చిన ఆర్‌సీహెచ్ నంబరుతో అక్కడి ఏఎన్ఎం ఈమె వివరాలు చూడగలరు, మన వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే కాబట్టి ఇది నిజంగా అక్కరకొచ్చేదే. కాకపోతే యాప్‌లో నింపిన గడి పైవాళ్లకి కనిపిస్తుంది, కట్టు మార్చిన పుండు కనిపించదు. రోజూ సాయంత్రం జూమ్ మీటింగులో అడిగేది పెర్సంటేజీ. కనిపించే పని ముందు, కనిపించని పని తర్వాత, ఇది ఏ ఉద్యోగంలో అయినా జరిగేదే, ఇక్కడ దాని ఫలితం పుండ్ల రూపంలో తేలుతుంది.

సచివాలయం ఏఎన్ఎంలకి దీనికి తోడు ఇద్దరు బాసులు. పని వైద్య ఆరోగ్య శాఖది, హాజరు, ఎస్టాబ్లిష్‌మెంట్ విషయాల్లో సచివాలయం వైపు పట్టు. పీహెచ్‌సీ డాక్టరు ఊళ్లోకి వెళ్లమంటారు, సచివాలయంలో ఏదో సర్వే వస్తే అందరూ అందులో ఉండాలంటారు. 2024 జూలై నుంచి ఇంటింటికీ పింఛన్లు పంచే పని సచివాలయం ఉద్యోగుల మీద పడింది, అందులో ఏఎన్ఎంలని ఎంతవరకు వాడుకుంటారనేది మండలాన్ని బట్టి మారుతుంటుంది.

ఇంకోటి, పెద్దగా ఎవరూ మాట్లాడనిది, సెలవుల సంగతి. 2019లో ఒక్కసారిగా తీసుకున్నవాళ్లంతా ఆడవాళ్లు, చాలామంది చిన్న వయసువాళ్లు. ప్రసూతి సెలవు ఆరు నెలలు, అది వాళ్ల హక్కు. అలాంటి కేడర్‌ని తయారు చేసినప్పుడు సెలవులో ఉన్నవాళ్ల బదులు పనిచెయ్యడానికి కొంతమందిని అదనంగా ఉంచుకోవాలి, ఆస్పత్రి వార్డుల్లో లీవ్ రిజర్వ్ అని ఉంటుంది కదా, అలా. ఊరి పోస్టులకి అలాంటిది లేదు. పక్క ఊరి ఏఎన్ఎంకి ఇన్‌చార్జి ఇస్తారు, ఆమెకి రెండు ఊళ్లు, రెండు ఊళ్లకీ సగం మనిషి. రికార్డులో మాత్రం ఖాళీ ఉండదు, పోస్టు భర్తీ అయినట్టే లెక్క.

సాయంత్రం నాలుగు దాటాక

రూల్ ప్రకారం ఏఎన్ఎం హెడ్‌క్వార్టర్‌లో, అంటే పనిచేసే ఊళ్లోనే ఉండాలి. జరిగేది వేరే. చాలామంది శ్రీకాకుళం, విజయనగరం, రాజాం, బొబ్బిలి, పలాస లాంటి చోట కాపురం పెట్టి బస్సు మీదో స్కూటీ మీదో వచ్చి వెళ్తారు. కారణాలు వింటే తప్పు పట్టడం కష్టం, పిల్లల స్కూలు, భర్త ఉద్యోగం, ఊళ్లో అద్దెకి సరైన ఇల్లు దొరక్కపోవడం, సబ్ సెంటర్ క్వార్టర్ ఉంటే దానికి నీళ్లు, తలుపు గడియ సరిగ్గా లేకపోవడం. ఒంటరి ఆడమనిషి రాత్రి పూట ఎవరు తలుపు కొట్టినా తియ్యాలంటే ఆ మాత్రం భద్రత కావాలి.

ఫలితం ఏంటంటే నాలుగు, నాలుగున్నర దాటాక ఊళ్లో ప్రభుత్వం తరఫున మిగిలేది ఆశా, ఫోన్ చేస్తే వచ్చే 108. ఆ ఖాళీని నింపేది ఆర్ఎంపీ. రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చి ఇంజెక్షన్ వేసి ఇరవయ్యో యాభయ్యో తీసుకుని, డబ్బుల్లేకపోతే తర్వాతిమ్మని వెళ్లే మనిషి. ఆర్ఎంపీ చదువు మీద ఎన్ని విమర్శలున్నా ఆయన దొరుకుతాడు, జనం కొలిచేది అదే.

కొండ మీద లెక్క వేరు

2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగి పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది, సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏలు (గిరిజనుల అభివృద్ధి పనులు చూసే సంస్థలు) రెండూ అటే వెళ్లాయి. అయితే కొండలు, గూడేలు అన్నీ అటు వెళ్లలేదు. మందస, మెళియాపుట్టి, పాతపట్నం వైపు సవర గూడేలు శ్రీకాకుళంలోనే ఉన్నాయి, ఎస్.కోట మండలం దారపర్తి పంచాయతీ లాంటి కొండ శిఖర గ్రామాలు విజయనగరంలోనే ఉన్నాయి. ఈ గూడేలు కాగితం మీద మైదాన మండలంలో ముక్క, వీటికంటూ జిల్లాలో ఐటీడీఏ ఆఫీసు లేదు.

ఒక పంచాయతీలో 2,500 మంది ఒకే ఊళ్లో ఉండటం, అదే 2,500 మంది కొండల మీద పదిహేను గూడేల్లో విడిపోయి ఉండటం ఒకటి కాదు. రెండోచోట ఒక్క టీకాల రోజుకి ఐస్ ప్యాక్ పెట్టిన వ్యాక్సిన్ క్యారియర్ భుజానేసుకుని పొద్దున ఎక్కితే దిగేసరికి చీకటి. కొండ ప్రాంతానికి 3,000 అన్న ప్రమాణం కూడా తలల లెక్కే తప్ప నడక లెక్క కాదు. డోలీలో గర్భిణిని మోసుకొచ్చిన వార్త వచ్చిన ప్రతిసారీ రోడ్డు లేదని రాస్తారు, నిజమే, కానీ ఆ డోలీ వెనక ఇంకో ప్రశ్న కూడా ఉంటుంది, తొమ్మిదో నెలలో ఆమెని కిందకి తీసుకురావాలని వారం ముందు చెప్పాల్సిన మనిషి ఆ గూడేనికి ఆఖరుసారి ఎప్పుడు వెళ్లగలిగింది అని.

దీనికి ఈ ప్రాంతమే ఒక పరిష్కారం కనిపెట్టింది. నర్సు కొండెక్కడం కష్టమైనప్పుడు గర్భిణినే కాన్పు తేదీకి కొన్ని వారాల ముందు కిందకి తెచ్చి ఉంచడం. సాలూరులో పార్వతీపురం ఐటీడీఏ మొదలుపెట్టిన గర్భిణుల వసతి గృహం ఆ ఆలోచనే, భోజనం, చెకప్‌లు, నొప్పులొస్తే దగ్గర్లో ఆస్పత్రి. తక్కువ నర్సులతో ఎక్కువమందిని చూసుకోవడానికి ఇది మంచి పద్ధతి. కానీ ఇది కాన్పుకి సరిపోతుంది, పక్షవాతం వచ్చినాయన్ని అలా తెచ్చి ఎన్నాళ్లు ఉంచగలరు? ఇంట్లో మిగతా పిల్లల్ని, పోడు పనిని వదిలి వసతి గృహానికి రావడం కూడా అందరికీ కుదరదు.

భాష సంగతి కూడా ఉంది. సవర, కువి మాట్లాడే గూడేల్లో తెలుగు ఏఎన్ఎం చెప్పేది సగమే చేరుతుంది, అక్కడ ఆశానే అసలు గొంతు. అందుకే కొండ మీద ఆశా ఖాళీ ఏఎన్ఎం ఖాళీ కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది, ఈ తేడా ఖాళీల పట్టికలో తెలీదు.

ఉద్దానంలో నర్సు చెయ్యాల్సింది

ఉద్దానం అంటే శ్రీకాకుళం జిల్లా తీరం వైపు ప్రాంతం. ఇక్కడి ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు సంగతి రాష్ట్రమంతా తెలుసు. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఇక్కడ ఇంత ఎక్కువగా ఎందుకుందో కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ రీసెర్చ్ సెంటర్ మొదలయ్యాయి, హిరమండలం రిజర్వాయర్ నుంచి మంచినీటి పథకం వచ్చింది, డయాలసిస్ వాళ్లకి నెలకి 10 వేల పింఛను ఉంది. ఇవన్నీ జబ్బు ముదిరాక గానీ, తాగే నీళ్ల దగ్గర గానీ పట్టుకునే పనులు. మధ్యలో కొన్నేళ్లు ఉంటాయి, జబ్బు ఉన్నట్టు రక్తపరీక్షలో తెలిసిన రోజు నుంచి డయాలసిస్ మిషన్ ఎక్కే రోజు దాకా, ఆ కాలం పూర్తిగా నర్సింగ్ కాలం.

ఆ కాలంలో చెయ్యాల్సింది పెద్ద టెక్నాలజీ ఏమీ కాదు. బీపీ పెరగకుండా నెలనెలా చూడటం, క్రియాటినిన్ టెస్టు (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) ఎప్పుడు చేయించుకోవాలో గుర్తు చెయ్యడం, కొబ్బరి తోటల్లో జీడి తోటల్లో పనిచేసి ఒళ్లునొప్పులకి వాడే పెయిన్ కిల్లర్ బిళ్లలు, ఇంజెక్షన్లు కిడ్నీకి చేటని మళ్లీ మళ్లీ చెప్పడం. ఒక్కసారి చెప్తే చాలదు, నొప్పి రోజూ ఉంటుంది కాబట్టి. డయాలసిస్ మొదలయ్యాక ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసే ఏర్పాటు) పెట్టిన చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, వేరే సూది గుచ్చకూడదు, ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకోకూడదు, రోజూ చెయ్యి పెట్టి ఆ జలజలమనే కదలిక ఉందో లేదో చూసుకోవాలి. ఫిస్టులా బదులు డయాలసిస్ పైపు పెట్టినవాళ్లకి ఆ చోటు తడవకుండా, చీము పట్టకుండా చూసుకోవాలి. వారానికి రెండు మూడుసార్లు నాలుగేసి గంటలు మిషన్ మీద గడిపి ఆటోలో ఇంటికొచ్చిన మనిషికి మిగతా రోజులన్నీ ఇల్లే ఆస్పత్రి.

పలాస, సోంపేట, కవిటి, టెక్కలి డయాలసిస్ కేంద్రాల్లో నర్సులు, టెక్నీషియన్లు ఉన్నారు, వాళ్ల బాధ్యత మిషన్ దగ్గర అయిపోతుంది. ఊళ్లో సీహెచ్ఓకి ఈ రోగి ఎన్‌సీడీ యాప్‌లో ఒక బీపీ కేసు. రెండు చివరల మధ్య ఫోన్ నంబరు అన్నా ఇచ్చిపుచ్చుకునే పద్ధతి ఉంటే సగం పని తేలికవుతుంది, ఈ ఏడు మండలాల వరకు సీహెచ్ఓలకి విడిగా కిడ్నీ రోగుల సంరక్షణ మీద శిక్షణ ఇవ్వడం పోస్టులు పెంచడం కన్నా చవక.

నర్సులు లేకనా?

రాష్ట్రంలో నర్సింగ్ చదివినవాళ్లకి కొరత లేదు, ప్రైవేట్ కాలేజీల నుంచి ఏటా వేలల్లో వస్తున్నారు. ఆగేవాళ్లు తక్కువ. సీహెచ్ఓకి జాతీయ మార్గదర్శకాల ప్రకారం నెలకి 25 వేలు, పనిని బట్టి మరో 15 వేల దాకా ప్రోత్సాహకం, అదీ కాంట్రాక్టు. ప్రోత్సాహకం ఎప్పుడు పడుతుందో తెలీదు, ప్రమోషన్ మెట్లు లేవు. అదే బీఎస్సీ నర్సు గల్ఫ్ వెళ్తే, లేదా భాష నేర్చుకుని జర్మనీ వెళ్తే జీతం పోల్చేదే కాదు. ఇక్కడే ఉండాలనుకునేవాళ్లు కూడా స్టాఫ్ నర్సు రెగ్యులర్ నోటిఫికేషన్ వస్తే దానికి వెళ్లిపోతారు, క్లినిక్ మళ్లీ ఖాళీ. 2025లో సీహెచ్ఓలు సమ్మెకి దిగినప్పుడు ప్రధానంగా అడిగింది కూడా ఉద్యోగ భద్రతే.

ఆశాల విషయంలో కొంత కదలిక వచ్చింది, 2019 నుంచి గౌరవ వేతనం 10 వేలు, 2025లో ప్రసూతి సెలవు, గ్రాట్యుటీ, 62 ఏళ్ల దాకా కొనసాగింపు ఒప్పుకున్నారు. ఊరు వదిలి వెళ్లని ఏకైక కేడర్ ఆశాలే కాబట్టి ఈ ఖర్చుకి ఫలితం ఎక్కువ.

కేరళ, తమిళనాడు ఈ చిక్కుని ఎలా విప్పాయి

కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుతో ఉన్నవాళ్ల నొప్పి, బాధ తగ్గించే సంరక్షణ) పాలసీ తెచ్చింది. అక్కడ పంచాయతీ తన డబ్బుతో ఒక పాలియేటివ్ నర్సుని పెట్టుకుని, బండి ఏర్పాటు చేసి, ఆశాలతో వాలంటీర్లతో కలిపి మంచాన ఉన్నవాళ్ల ఇళ్లకి తిప్పుతుంది. ఆ నర్సుకి టీకాలు, సర్వేలు ఉండవు, ఒకటే పని. తమిళనాడు 2021 ఆగస్టులో ఇంటింటి వైద్యం పథకం మొదలుపెట్టి బీపీ, షుగర్ మందులు ఇంటికి చేర్చడానికి మహిళా వాలంటీర్లని తీసుకుంది, బ్లాకుకి ఒక పాలియేటివ్ నర్సుని, ఒక ఫిజియోథెరపిస్టుని పెట్టింది. ఉన్న ఊరి నర్సు మీద ఇంకో పని వెయ్యకుండా కొత్త పనికి కొత్త మనిషిని పెట్టడం రెండుచోట్లా కనిపించే పోలిక.

ఆంధ్రప్రదేశ్ దారి దీనికి ఎదురు, ఉన్న మనుషుల సంఖ్య బాగా పెంచి, కొత్త పనులన్నీ వాళ్లందరికీ కలిపి పంచింది. సంఖ్యలో మనమే ముందు. అయితే పది పనులున్న నలుగురిలో ఇంటికెళ్లి కట్టు మార్చే పని ఎవరిదీ కాకుండా పోయింది. కేరళ పద్ధతిని అలాగే తెచ్చి ఇక్కడ పెట్టడం కూడా తేలిక కాదు, అక్కడి పంచాయతీలకి సొంతంగా ఖర్చు పెట్టుకునే డబ్బు ఎక్కువ, ఊళ్లు దగ్గర దగ్గర, వాలంటీర్ల అలవాటు పాతది. మండలానికి ఒక ఇంటి సంరక్షణ నర్సు, 104 బండితో పాటు తిరిగేలా పెట్టే తమిళనాడు తరహా ఏర్పాటు మన పరిస్థితికి కొంచెం దగ్గర, ఎందుకంటే బండి, డాక్టరు, రోగుల లిస్టు ఇప్పటికే ఉన్నాయి.

ఇక ముందు ఏం జరగొచ్చు

సచివాలయాల సిబ్బందిని 2025లో జనాభాని బట్టి మూడు కేటగిరీలుగా సర్దారు, 2,500 లోపు, 3,500 దాకా, ఆ పైన. ఇది కూడా తలల లెక్కే కాబట్టి మైదానంలో ఉన్న ఊళ్లకి పెద్ద తేడా రాకపోవచ్చు, విడివిడిగా ఉన్న గూడేల పంచాయతీలకి, వలస వల్ల జనం తగ్గి ముసలాళ్లు మిగిలిన పంచాయతీలకి ఇబ్బంది పెరగొచ్చు. జననాలు తగ్గుతున్నాయి, రాష్ట్రంలో ఒక్కో మహిళకి సగటు సంతానం రెండు కన్నా చాలా తక్కువ, అంటే ఏఎన్ఎం పాత పని ఇంకా తగ్గుతుంది. ఆ మిగిలే సమయం మంచాన ఉన్నవాళ్లకి వెళ్తుందా, ఇంకో యాప్‌కి వెళ్తుందా అన్నది ఊళ్లో తేలేది కాదు, జూమ్ మీటింగులో ఏ పెర్సంటేజీ అడుగుతారన్న దాన్నిబట్టి తేలుతుంది. ఇంటికెళ్లి చూసిన మంచం రోగుల సంఖ్య ఆ లిస్టులో ఒక గడిగా చేరితే పరిస్థితి కొంత మారొచ్చు, గడులంటే చిరాకు పడేవాళ్లు కూడా ఈ ఒక్కదానికి ఒప్పుకుంటారేమో.

ఊరి చేతిలో ఉన్న సాధనం ఒకటుంది, గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ. పంచాయతీ ప్రతినిధులు, ఆశా, ఏఎన్ఎం, అంగన్‌వాడీ కార్యకర్త ఇందులో ఉంటారు, జాతీయ మిషన్ కింద ఏడాదికి 10 వేల దాకా అన్‌టైడ్ నిధికి వీలుంది, అంటే ఊరు తన అవసరాన్ని బట్టి ఖర్చు పెట్టుకోవచ్చు. డ్రెస్సింగ్ సామాను కొనొచ్చు, మంచాన ఉన్నవాళ్లకి గాలి పరుపు ఒకటి కొని ఇళ్ల మధ్య తిప్పొచ్చు, 104 బండి వచ్చే తేదీ, సీహెచ్ఓ ఏ రోజు ఏ వీధికి వస్తారో బోర్డు మీద రాయించొచ్చు. ఏఎన్ఎంని నియమించే అధికారం, బదిలీ ఆపే అధికారం, ఇన్‌చార్జి వెయ్యొద్దనే అధికారం మాత్రం ఈ కమిటీకి లేవు, అవి జిల్లా, రాష్ట్ర ఆఫీసుల్లోనే ఉంటాయి.